మన జొన్న రొట్టెకు పట్నం పేరు పెడితే గానీ మనకు విలువ తెలియదా?



ఈసారి ఎరువు గురించి కాదు, కరెంటు గురించి కాదు. మన పొయ్యి గురించి రాస్తున్నా. కొంచెం పొడుగ్గానే ఉంటది. కోపం వస్తే తిట్టండి, కానీ మొత్తం చదివి తిట్టండి.

కర్నూలులోనో హైదరాబాదులోనో పెద్ద షాపుకు పోయి చూడండి. ఒక అర నిండా పాకెట్లు వరుసగా పేర్చి ఉంటాయి. మీద "గ్లూటెన్ ఫ్రీ" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటది. లోపల ఏముందో పాకెట్టు వెనక్కి తిప్పి చదవండి. జొన్న పిండి. సజ్జ పిండి. రాగి పిండి. కొర్రలు. అంతే. ఏ దేశం నుంచో దిగిన సరుకు కాదు, మన కల్లంలో తూర్పారబట్టిందే.

2024-25లో హైబ్రిడ్ జొన్నకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 3,371 రూపాయలు. కిలోకు 33 రూపాయల 71 పైసలు. ఆ ధర చేతికి వచ్చినోడు అదృష్టవంతుడు. అదే జొన్న పిండై, పాకెట్టులో దూరి, ఆ రెండు మాటలు నెత్తిన పెట్టుకునేసరికి రెండింతలు, మూడింతలు పలుకుతది.

ఆ వ్యాపారి మీద నాకు కోపం లేదు. వాని పని వాడు చేసుకుంటున్నాడు. నా గొడవ అంతా మన తీరు మీదనే. ఆ జొన్న పండించే ఊర్లో సాయంత్రం పిల్లోడి చేతిలో ఏముంటది? మైదా బిస్కెట్టు. బడి గేటు దగ్గర ఏం కొంటాడు? మైదా పఫ్. చుట్టమొస్తే అంగడికి పరిగెత్తి ఏం తెస్తాం? మిక్చరు పొట్లం, బ్రెడ్డు. పెళ్ళిలో మొదట ఏం వడ్డిస్తున్నాం? మైదాలో ముంచి నూనెలో దేవిన గోబీ మంచూరియా. పట్నం పెళ్ళిళ్ళలో చూడండి, జొన్న రొట్టెకు ప్రత్యేకంగా కౌంటర్ పెడుతున్నారు. సూటు వేసుకున్నోళ్ళు ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడి మరీ తింటున్నారు. మనమేమో రొట్టె వడ్డిస్తే చుట్టాలు చిన్నచూపు చూస్తారని సిగ్గుపడుతున్నాం. ఇదేం లెక్కో ఎవరైనా చెప్పండి.

సరే, ముందు ఈ గ్లూటెన్ అంటే ఏందో తెలుసుకుందాం. గోధుమలో, బార్లీలో, రై అనే ధాన్యంలో ఉండే మాంసకృత్తు అది. గోధుమ పిండి తడిపి పిసికితే రబ్బరులాగా సాగుతది కదా, ఆ సాగే గుణం దానిదే. పరోటా పొరలు పొరలుగా రావాలన్నా, బ్రెడ్డు బూరుగు దూదిలా పొంగాలన్నా అదే కారణం. మన జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ, వరి, మొక్కజొన్న, పప్పుధాన్యాలు, వీటిలో వేటిలోనూ అది లేదు. ఎవరో తీసేస్తే పోలేదు, పుట్టుకతోనే లేదు.

కొంతమంది ఒంటికి ఈ గ్లూటెన్ పడదు. దాన్ని సీలియాక్ జబ్బు అంటారు. పేగు లోపలి పొర దెబ్బతిని, తిన్నది ఒంటికి పట్టదు. పిల్లలైతే ఎదగరు, ఊరికే విరేచనాలు, ఎన్ని మాత్రలు మింగినా రక్తం పట్టదు. గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని గట్టిగా చూపించింది విలెమ్ డికె అనే హాలండు పిల్లల డాక్టరు. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల ఆ దేశంలో గోధుమ దొరకలేదు. జనమంతా ఆకలితో అల్లాడుతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. బ్రెడ్డు మళ్ళీ రాగానే మళ్ళీ పడకేశారు. ఆ జబ్బుకు ఈ రోజుకీ మందు తిండే. జీవితాంతం గోధుమ, బార్లీ ముట్టకూడదు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. మన పక్షం అనుకునే వాళ్ళే కొందరు దీన్ని పాడుచేస్తున్నారు. గ్లూటెన్ అందరికీ విషం కాదు. పంజాబు రైతు తరతరాలుగా గోధుమ రొట్టె తిని దుక్కి దున్నుతున్నాడు. గోధుమ పడేవాళ్ళకు గోధుమ మంచి తిండే. "కొర్రలు తింటే షుగరు మాయం, అరికలు తింటే క్యాన్సరు మాయం" అని వాట్సాపులో తిప్పే వాళ్ళను నమ్మి మందులు మానేయకండి. పంట అమ్ముకోవడానికి భయం అమ్మాల్సిన ఖర్మ మనకు లేదు. మన ధాన్యం మందుబిళ్ళ కాదు, అన్నం. రుచిగా ఉంటే జనం తింటారు. భయపెట్టి తినిపిస్తే, భయం తీరిన రోజు వదిలేస్తారు.

ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉందేమో అని అనుమానముంటే, గోధుమ మానకముందే డాక్టరు దగ్గర రక్తపరీక్ష చేయించండి. మానేసి కొన్నాళ్ళయ్యాక చేయిస్తే జబ్బున్నా పరీక్షలో దొరక్కపోవచ్చు.

జబ్బు ఖాయమైతే మాత్రం జొన్న తింటే చాలదు, జాగ్రత్త కావాలి. పిండి మరలో మనకంటే ముందు గోధుమలు పట్టి ఉంటే ఆ పిండి మన పిండిలో కలుస్తది. అట్లాంటి ఇంటికి విడిగా తిరగలి అయినా ఉండాలి, చిన్న మర అయినా ఉండాలి. బొంబాయి రవ్వ గోధుమే. మామూలు సేమ్యా గోధుమే. బజారు ఇంగువలో చాలావాటికి మైదానో గోధుమ పిండో కలుపుతారు, డబ్బా మీద చదవండి. సోయా సాసులో సాధారణంగా గోధుమ ఉంటది. మూత్రంలో మంట అంటే తాగించే బార్లీ నీళ్ళలో గ్లూటెన్ ఉంది. పాలలో కలిపే మాల్టు పొడుల్లో చాలావాటిలో బార్లీ, గోధుమ ఉంటాయి. మన దేశంలో పాకెట్టు మీద గ్లూటెన్ ఫ్రీ అని వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని రూలు. ఆ జబ్బున్న వాళ్ళకు ఆ ముద్ర నిజంగా అక్కరే. మిగతా వాళ్ళకు ఆ ముద్ర ఆరోగ్యానికి గుర్తు కాదు. గ్లూటెన్ ఫ్రీ మురుకు కూడా నూనెలో దేవిన మురుకే.

ఇక అసలు తగాదాకు వస్తా. "జొన్నలో రుచి ఏముందన్నా, గొంతు దిగదు" అంటారు. రుచి లేనిది జొన్నలో కాదు, చేసే పద్ధతిలో. గోధుమ చపాతీ చేసినట్టు చన్నీళ్ళతో కలిపి, చపాతీ కర్రతో రుద్ది, ముక్కలయ్యాక జొన్నను తిడితే జొన్న ఏం చేస్తది? దానికి సాగే గుణం లేదని ముందే చెప్పుకున్నాం. ఆ లోటు తీర్చడానికే మన అవ్వలు వేడినీళ్ళు పోశారు. మరిగే నీళ్ళకు పిండి ఉబ్బి జిగురొస్తది. ఆ జిగురే రొట్టెను పట్టి ఉంచుతది.

పద్ధతి రాస్తా, తెలిసినోళ్ళు దాటిపోండి. చిటికెడు ఉప్పేసి నీళ్ళు మరిగించండి. పిండి మీద పోసి గరిటెతో కలిపి, ఐదు నిమిషాలు మూత పెట్టండి. చెయ్యి పట్టే వేడి ఉన్నప్పుడే అరచేతి మడమతో గట్టిగా మర్దించండి. ముద్ద అంచు పగలకుండా ఉండేదాకా ఆపొద్దు. పొడిపిండి చల్లి తట్టండి. బాగా కాలిన పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో తుడవండి. పొడిపిండి పోతది, పైన పగలదు. తడి ఆరగానే తిప్పండి. రెండో వైపు కాలాక గుడ్డతో అంచులు అదిమితే పూరీలాగా పొంగుతది. అన్నిటికంటే ముఖ్యం పిండి కొత్తదై ఉండాలి. నెలల తరబడి పాకెట్టులో ఉన్న పిండితో ఆ రొట్టె రాదు. సజ్జ పిండికి ఇంకా తొందర, అందులో కొవ్వు ఎక్కువ కాబట్టి నిలవుంటే చేదెక్కుతది. వారానికి సరిపడా పట్టించుకోండి. పాకెట్టు కంపెనీ ఎంత డబ్బు పెట్టినా మన ఇంటికి ఇవ్వలేనిది ఇదే. నిన్న పట్టించిన పిండి.

రుచికి ఒక లెక్క ఉంది. జొన్నది చప్పటి తీపి. దానికి పులుపు, కారం, నూనెగింజ మూడూ తోడు కావాలి. అందుకే మనవాళ్ళు జొన్న రొట్టెకు గోంగూర పెట్టారు, పచ్చిమిరప కారం పెట్టారు, బుడ్డల ఊరిబిండి పెట్టారు, గుత్తి వంకాయ పెట్టారు. సజ్జది ఘాటు వాసన. దానికి నువ్వులు, బెల్లం, నెయ్యి. సంక్రాంతికి నువ్వులద్దిన సజ్జ రొట్టె ఊరికే రాలేదు. కొర్రది పొడి స్వభావం. కొన్ని గంటలు నానబెట్టి, ఒకటికి రెండు, రెండున్నర పాళ్ళ నీళ్ళతో వండి, చింతపండు పులుసు, వేయించిన బుడ్డలు వేసి పులిహోర కలపండి. పెసరపప్పు వేసి మిరియాలతో పొంగలి చేయండి. రాగిని సంగటి చేసి పాలకూర పప్పుతోనో నాటుకోడి పులుసుతోనో పెట్టండి. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటది, బియ్యంలో 10 దగ్గరే. బక్కపలచని పిల్లోడికి డబ్బాల్లో పొడి కొనేముందు ఈ లెక్క చూడండి.

ఇక సాయంత్రం చిరుతిండి. నన్నడిగితే ఇల్లు గుల్లయ్యేది ఇక్కడే. రోజుకు 30 రూపాయల బిస్కెట్లు, పఫ్‌లు అనుకోండి, ఏడాదికి 10,950 రూపాయలు. ఇచ్చి కొనేది మైదా, చక్కెర, పామాయిలు. దానికి బదులు మన దగ్గర ఏమున్నాయో చూడండి.

జొన్న పేలాలు. తొలి ఏకాదశికి పేలాల పిండి బెల్లం కలిపి తినే జాతి మనది. సినిమా హాల్లో మొక్కజొన్న పేలాలు కొని తింటాం, ఇంట్లో జొన్న పేలాలు వేయించలేమా? మందపాటి మూకుడు బాగా కాల్చి, గుప్పెడు గుప్పెడు వేసి గుడ్డతో కదపండి. ఇంత ఉప్పు, కారం, నెయ్యి చుక్క చాలు.

గుగ్గిళ్ళు. అలసందలు, ఉలవలు, శనగలు, ఏవైనా సరే. రాత్రి నానేసి, పొద్దున ఉడికించి, ఎండుమిరప, కరివేపాకు తిరగమోత వేసి, పచ్చి ఉల్లిపాయ, నిమ్మకాయ. చుట్టాలొస్తే దీనికంటే గౌరవమైన పళ్ళెం ఏముంది?

సర్వపిండి. తెలంగాణ అక్కల తెలివి ఇది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, బుడ్డలు, నువ్వులు, ఉల్లిపాయ, కరివేపాకు కలిపి గిన్నె లోపలికి పలచగా అద్ది, నూనె చుక్కలతో సన్నటి మంట మీద కాలుస్తారు. నూనెలో దేవకుండానే గారెలాగా కరకరలాడుతది. సగం జొన్న పిండి కలపండి, ఇంకా కమ్మగా ఉంటది.

ఉగ్గాని, పెసరట్టు గురించి మీకు నేను చెప్పాలా? బొరుగులు వరివి, పెసర్లు మన పొలానివి. ఇవేవీ వేరే దేశపు వంటలు కావు. గ్లూటెన్ లేని తిండి అని తెలియకుండానే తరతరాలు తిన్నవి.

ఇప్పుడు మీరు వేసే ప్రశ్నలు నాకు తెలుసు. వరసగా మాట్లాడుకుందాం.

"టైము యాడిదన్నా?" నిజమే. పొద్దంతా పత్తి ఏరి, మిరప కోసి వచ్చిన ఆడమనిషిని రొట్టెలు తట్టమనడం పాపమే. నేను ఆ మాట అనడం లేదు. రొట్టె తట్టడం ఆడోళ్ళ పనే అని ఏ పురాణంలో రాసి ఉంది? పట్నంలో రొట్టెల బండి దగ్గర మగోళ్ళు టకటకా తట్టి డబ్బులు సంపాదిస్తలేరా? ట్రాక్టరు గేరు మార్చే చెయ్యి పిండి మర్దించలేదా? అరచేతి మడమతో మర్దించే బలం మగోనికే ఎక్కువ కదన్నా. తట్టడం రాకపోతే రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య పెట్టి పళ్ళెంతో అదమండి, రొట్టె వస్తది. "జొన్న తినాలి, పాతతిండి తినాలి" అని రచ్చబండ మీద ఉపన్యాసాలిచ్చి, పని మాత్రం భార్య నెత్తిన పెట్టేటోని మాట నేను లెక్క చేయను.

"పిల్లలు తినరు." పిల్లలకు జొన్న నచ్చకపోవడం కాదు, మనం దాన్ని శిక్షలాగా పెడుతున్నాం. "ఆరోగ్యానికి మంచిది తినరా" అంటే ఏ పిల్లోడు తింటాడు? వేడి రొట్టె మీద వెన్న రాసి, బెల్లం తురిమి చుట్టి చేతికివ్వండి. మైదా రోలు తినే వయసోడు అది తినడా?

"జొన్న పేదోళ్ళ తిండి." అసలు రోగం ఇదే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆకలితో ఉన్న ఇంటికి అది వరం. ఆ పథకాన్ని నేను తప్పుబట్టను, పస్తులున్నోనికే దాని విలువ తెలుసు. కానీ దాంతోపాటే తెల్లన్నం తినేటోడు గొప్ప, రొట్టె తినేటోడు తక్కువ అనే ఆలోచన గట్టిపడింది. తిండిలో కులం పుట్టించుకున్నాం. 2018లో కేంద్రం వీటికి పౌష్టిక ధాన్యాలని కొత్త పేరు పెట్టింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది, అది కూడా మన దేశం అడిగితేనే. ప్రపంచమంతా గౌరవించినా మన వాకిట్లో గౌరవం దక్కలేదు. దక్కిన చోటూ ఉంది. జహీరాబాదు వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడోళ్ళు, చాలామంది దళిత మహిళలే, పాత విత్తనాలు ఇంట్లో దాచి, పండించి, వండి, ఏటా పాత పంటల జాతర జరుపుతున్నారు. ఎవరో పేరు పెట్టేదాకా వాళ్ళు ఆగలేదు.

"ధర లేనప్పుడు ఎందుకు వేయాలి?" ఇది పెద్ద ప్రశ్న, దీనికి జవాబు పొయ్యి దగ్గరే మొదలవుతది. జొన్న ఎందుకు మానేశామో అందరికీ తెలుసు. ధర ఒకటి, పిట్టలు ఒకటి. ఊర్లో ఒక్కడే ఎకరం వేస్తే ఊరి పిట్టలన్నీ ఆ ఎకరం మీదనే వాలతాయి. వానికి మిగిలేది చొప్పే. పదిమంది పక్కపక్కనే వేస్తే పిట్టలు తిన్నంత తిన్నా మనకూ మిగులుతది, కాపలా వంతులేసుకోవచ్చు. అంటే జొన్న ఒక్కని పంట కాదు, ఊరి పంట. ఊర్లో పది ఇళ్ళు తింటేనే పదిమంది వేస్తారు.

లెక్క వేద్దాం. ఐదుగురున్న ఇంట్లో రోజుకో పూట రొట్టె అంటే అర కిలో పిండి. ఏడాదికి 180 కిలోల పైచిలుకు, రెండు క్వింటాళ్ళ లోపే. మద్దతు ధరకు అమ్మితే అది ఆరు వేల రూపాయల సరుకు. అమ్ముకుంటే ఆరు వేలు, తింటే ఏడాదంతా ఒక పూట తిండి, పశువులకు చొప్ప అదనం. నల్లరేగడిలో మాఘీ జొన్నకు అర ఎకరం పక్కన పెడితే ఆ ఇంటికి సరిపోతది. ఉన్న పత్తంతా పీకేయమని నేను చెప్పడం లేదు. అర ఎకరం అడుగుతున్నా.

నేనడిగేది ఇంతే. ప్రతి ఊర్లో పది ఇళ్ళు కూర్చుని మాట్లాడుకోండి. వచ్చే మాఘీకి ఒకే దిక్కున, ఒకే వారంలో, ఇంటి తిండికి జొన్న వేయండి. అప్పటిదాకా పక్క రైతు దగ్గరే జొన్నలు కొని, మరలో పట్టించి, వారానికి నాలుగు రోజులు రొట్టె, నాలుగు సాయంత్రాలు గుగ్గిళ్ళో పేలాలో పెట్టండి. ఇంట్లో శుభకార్యముంటే మంచూరియా చోట ఒక్క బల్ల మీద వేడి రొట్టె, గుత్తి వంకాయ, ఊరిబిండి పెట్టి చూడండి. ఏ బల్ల ముందు ఖాళీ అవుతదో మీరే చెప్తారు.

మన ధాన్యం ధర గురించి మార్కెట్టు యార్డులో గొంతు చించుకుంటాం. కొనేటోడు ఒక్క ప్రశ్న వేస్తే చాలు, "నువ్వు తింటున్నావా?" అని. ఆ ప్రశ్నకు తలెత్తి జవాబు చెప్పగలిగే ఊర్లు ఎన్ని ఉన్నాయో లెక్క తీద్దాం. మీ ఊర్లో ఎన్ని ఇళ్ళలో ఇంకా రొట్టె తడుతున్నారు, ఎవరు తడుతున్నారు, దానికి తోడు ఏ కూర చేస్తారు, కింద రాయండి. పాత జొన్న విత్తనం దాచుకున్నోళ్ళుంటే అది కూడా చెప్పండి. మాఘీకి ఎక్కువ రోజులు లేవు.